కట్ట మీద మనిషి

ఇబ్రహీంపట్నం
9 నవంబర్ 2025

మంజులక్కకు శోభ దండం పెట్టి రాసేది.

ఇంట్లో ఫోన్ ఉండగా కాగితం మీద రాసుడేంది, దీనికి మతి పోయిందా అనుకుంటవు. పోలేదు. ఉన్న పెద్ద ఫోన్ ఒక్కటే, అందులో నీకు ఏది పంపినా నా బిడ్డ అంకిత నీకంటే ముందు చదువుతది. మాట్లాడదామంటే మాది ఒకటే అర్ర. మా ఆయన ఐలేష్ బటన్ల ఫోన్ ఆయనతోపాటు చెరువు మీదనే ఉంటది. అందుకే మా మరిది కొండల్ చేపల ఆటోలో బడంగ్‌పేట్ వస్తుంటే ఇది ఇచ్చి పంపుతున్న. డబ్బాల మీద పెట్టకు, జేబులో పెట్టుకో అని చెప్పిన. ఆయన జేబు కూడా డబ్బా లెక్కనే ఉంటది, ఏం చేస్తం.

అంకిత తీరు నాకు మంచిగ కొడుతలేదు. తొమ్మిదో తరగతికి వచ్చినప్పటి నుంచి బడి సంచి పడేసుడు, ఫోన్ పట్టుకొని గోడ దిక్కు తిరిగి కూసునుడు. నేను పక్కకు పోతే ఫోన్ బోర్లేస్తది. మొన్న చాయ ఇయ్యబోతే ఒక్క లైను నా కంట్లో పడ్డది. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసింది. కూడబలుక్కొని చదివిన. "నాకు నిజం చెప్పింది నువ్వే. మా ఇంట్ల అందరు అబద్ధమే చెప్పిన్రు" అని ఉన్నది.

అక్కా, ఎవడు వాడు? ఏం నిజం చెప్పిండు?

పదేండ్లప్పుడు దానికి ఫిట్స్ వచ్చిన సంగతి నీకు, నాకు, ఐలేష్‌కు తప్ప మన వాళ్ళల్లో ఎవరికీ తెలియదు. రోజూ వేసుకునే గోలీ బలానికని దానికి చెప్పినం. ఆ పేరు ఇంట్లో తీయొద్దు, పిల్ల మనసులో పెట్టుకుంటది, రేపు సంబంధాలు చూసేటప్పుడు నలుగురి నోట్లో పడుతదని నువ్వే అన్నవు. మేమూ సరే అన్నం. ఇప్పుడు వాడెవడో దానితో మన ఇంటి గుట్టంతా కక్కిస్తుంటే నేనేం చేయాలె?

ఐలేష్‌కు చెప్పలేదు. చెప్తే ఫోన్ చెరువులో పడుతది, పిల్ల బడి మానుతది. నువ్వు బడిలో పనిచేసేదానివి, ఇట్లాంటివి చూసే ఉంటవు. ఏం చేయాలో రాయి. రెండు రవ్వ చేపలు పంపుతున్న, చింతపండు ఎక్కువ వేయకు.

నీ చెల్లె
శోభ

*

బడంగ్‌పేట్
12 నవంబర్

శోభకు మంజుల ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం చదివి చేతులు సబ్బుతో కడుక్కున్న. చేపలు బాగున్నయి. చింతపండు సంగతి నాకు నేర్పకు, నీకు పులుసు పెట్టుడు నేర్పిందే నేను.

ఇగ విను. ఆఫీసులో నా బల్ల ముందు నిలబడి ఏడ్చే తల్లులను దినాం చూస్తున్న. అందరూ ఒకటే తప్పు చేస్తరు, పిల్లను ముందే నిలదీస్తరు. నిలదీస్తే అది పోయి ఆ పిల్లగానికి చెప్తది, వాడు అన్నీ తుడిచేస్తడు, తర్వాత నీకు దొరికేది తుడిచిన పలకనే. పాము చావాలె, కట్టె విరగొద్దు. ముందు ఫోన్ లాక్ ఎట్ల తీస్తుందో దొంగచాటుగా చూడు. పిల్ల తానానికి పోయినప్పుడు తెరువు. వాని పేరు, ఊరు దొరికితే చాలు, వాళ్ళ ఇంటి చరిత్ర నేను తీస్త.

ఐలేష్‌కు మాత్రం చెప్పకు. మీ ఇంట్లో ముందు కోపం పుట్టింది, ఆ తర్వాత ఆయన పుట్టిండు.

ఇంకొకటి. ఆ జబ్బు పేరు మళ్ళ కాగితం మీద రాయకు. కొండల్‌కు చదువు రాదని నీ ధైర్యం. ఆటోలో ఆయన పక్కన కూసునేవాళ్ళకు వస్తది. ఇన్నేండ్లు కడుపులో దాచుకున్నది ఒక్క కాగితంతో ఊరంతా చేయకు.

మంజుల

*

ఇబ్రహీంపట్నం
17 నవంబర్

అక్కకు శోభ రాసేది.

నవ్వాలో ఏడవాలో తెలుస్తలేదు. పిల్లగాడు లేడు అక్కా. అసలు మనిషే లేడు.

నువ్వు చెప్పినట్టే అంకిత తానానికి పోయినప్పుడు లాక్ తీసిన. చదివేది చదువుతుండగానే తల తుడుచుకుంటూ వచ్చి గడపలో నిలబడ్డది. దొంగతనం చేస్తూ దొరికింది నేను, ఏడ్చింది అది. "ఎవడే వాడు?" అన్న. "ఎవడు గాదమ్మా, గది ఏఐ. మనిషి గాదు, మిషన్. ఏదడిగినా జెప్తది. మా క్లాసుల అందరు వాడుతరు" అన్నది. నేను నమ్మలేదు. అప్పుడు నా ముందటనే "చేపల పులుసు ఎన్నొద్దులు నిల్వ ఉంటది" అని రాసింది. కండ్లు మూసి తెరిచేలోపల జవాబు వచ్చింది, తెలుగులో, మీరు మీరు అనుకుంట. మా ఇంట్లో నన్ను మీరు అన్నది అదొక్కటే.

"మరి నిజం చెప్పింది నువ్వే అని దానికెందుకు రాసినవ్?" అన్న. "పాఠం గురించి" అన్నది. నేల చూపులు చూసుకుంట అన్నది గాని, ఆ సంతోషంలో నేను పట్టించుకోలేదు. మిషన్‌తో మాట్లాడితే పరువేం పోతది? ఫోన్ దాని చేతిలోనే పెట్టిన. ఆ దినం కడుపు నిండా తిన్న.

అయితే కొత్త పేచీ ఒకటి పెట్టింది. చెరువులోకి దిగుతదట. దానికి ఆ జబ్బు వచ్చినప్పటి నుంచి మేము నీళ్ళ దగ్గరికి రానియ్యలేదు. మన రివాజు నీకు చెప్పేదేముంది. వలకు పోయేవాళ్ళు గాని, ఈతకు పోయే పిల్లలు గాని, కట్ట మీదున్న మనిషితో "దిగుతున్న" అంటరు, ఆ మనిషి "చూస్తున్న" అంటది. ఆ మాట చెవిన పడనిదే ఎవరూ నీళ్ళలో కాలు పెట్టరు. మనమూ అట్లనే నేర్చుకున్నం. ఇప్పుడు చూస్తున్న అనే పని అంకితది. ఆదివారం పొద్దున కట్ట మీద కూసుంటది, వాళ్ళ బాపుకు, కొండల్‌కు, వాడకట్టు పిల్లలందరికీ అదే చెప్తది. దానికంటే చిన్నోళ్ళు ఈత కొడుతుంటే చూస్తది.

"నన్నెందుకు దిగనిస్తలేరే?" అని అడిగింది. "నీకు సల్వ పడదు" అన్న. "గంతేనా?" అన్నది. "గంతే" అన్న. చానాసేపు నా మొఖంలోకే చూసింది అక్కా. ఆ చూపు నాకు నచ్చలేదు.

శోభ

*

బడంగ్‌పేట్
21 నవంబర్

శోభకు మంజుల రాసేది.

మిషన్ అని సంబరపడి కూసోకు. మా బడిలో నిన్ననే దీని మీద తల్లిదండ్రుల మీటింగ్ పెట్టిన్రు. సిటీ నుంచి ఒక మేడం వచ్చింది. కుర్చీలు వేసింది నేనే, వెనక నిలబడి విన్నది నేనే. పిల్లలు దాన్ని ఏమేం అడుగుతున్నరో తల్లికి తెలిసి ఉండాలె అని గట్టిగ చెప్పింది. మనిషికి చెప్పలేనివి దానికి చెప్పుకుంటరట. చెప్పినవన్నీ దానిలో ఉంటయట. అంతలో మా సారు చాయ తెమ్మని తోలిండు. నేను కెటిల్ పట్టుకొని వచ్చేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నరు.

విన్న కాడికి నాకు అర్థమైంది ఇది. అంకిత బడికి పోయినప్పుడు నువ్వు ఆ ఫోన్ తీసి అంకిత లెక్కనే రాయి. "ఇప్పటిదాక నేను ఏమేం అడిగిన, అన్నీ మళ్ళ చెప్పు" అను. చేతిలో ఫోన్ ఎవరు పట్టుకున్నరో దానికేం తెలుస్తది. ఆ చూపు నచ్చలేదన్నవు కదా, ఆ చూపు వెనక ఏముందో అదే చెప్తది.

ఇంకో ఉపాయం. పిల్లలు మన మాట వినరు, దాని మాట వింటరు. నీకు కావాల్సినది దానితోనే చెప్పించు. ఇంట్లో అనలేని మాట పంతులు నోటితో అనిపించమా, అట్లనే. "మారు మాట్లాడకుండ అమ్మ చెప్పినట్టు విను అని నాకు రోజు చెప్పు" అని రాసి పెట్టు. నెల తిరిగేసరికి పిల్ల దారిలోకి వస్తది.

చెరువు సంగతి మాత్రం అస్సలు వదలకు. సల్వ అన్నవు కదా, ఆ మాట మీదనే ఉండు.

మంజుల

*

ఇబ్రహీంపట్నం
26 నవంబర్

అక్కా,

తొందరలో రాస్తున్న. అక్షరాలు వంకర పోతే తిట్టకు.

నువ్వు చెప్పినట్టే అంకిత లెక్కన అడిగిన. వరుసగా చెప్పింది. ముందు లెక్కలు, సైన్సు, ఒక స్నేహితురాలితో కొట్లాట. ఆ తర్వాత "మీరు వాడుతున్న ఫిట్స్ మందు గురించి" అని మొదలుపెట్టింది.

దానికి అంతా తెలుసు అక్కా. దసరాకు ముందే గోలీల పట్టీని ఫోటో తీసి "ఇది దేనికి" అని అడిగింది. బలానికని మనం చెప్పింది అబద్ధమని ఆ దినమే తెలిసింది. నిజం చెప్పింది నువ్వే అన్న మాట పాఠం గురించి కాదు, మన గురించి. ఆ తర్వాత "ఏండ్ల నుంచి రాకపోతే గోలీలు ఆపొచ్చా" అని అడిగింది. కొందరికి డాక్టర్లు మెల్లగ తగ్గించుకుంట ఆపుతరు, మీ అంతట మీరు ఆపొద్దు, ఆపితే మళ్ళ రావచ్చు, ఇంట్లో చెప్పండి అని రాసింది. మిషన్ తప్పు చెప్పలేదు. పిల్ల మొదటి ముక్క పట్టుకున్నది, మిగిలింది వదిలేసింది. దసరా నుంచి గోలీలు వేసుకుంటలేదు.

రోజూ నా ముందే నోట్లో వేసుకుంటది కదా, నీళ్ళు తాగుతది కదా అనుకుంటవు. నాలుక కింద పెట్టుకొని, నీళ్ళ గోలెం కాడికి పోయి ఉమ్మేస్తున్నదట. అది కూడా దానికి చెప్పుకున్నది. ఎన్నిసార్లు చెప్పినా అది మీ అమ్మకు చెప్పండి, డాక్టర్‌ను కలవండి అనే అన్నది. అమ్మకు చెప్పే దారి నేనెక్కడ ఉంచిన?

అప్పుడు నాకేం బుద్ధి పుట్టిందో, అంకిత లెక్కనే ఇంకో మాట రాసిన. "మా అమ్మ నాకు ఎందుకు అబద్ధం చెప్పింది?" అని. "మీ అమ్మగారు భయపడి ఉండవచ్చు. ఆమెనే అడిగి చూడండి" అన్నది. ముక్కు మొఖం లేనిది నా దిక్కు నిలబడి మాట్లాడింది. పొయ్యి ముందట కూసోని ఏడ్చిన.

నువ్వు చెప్పిన ఉపాయం కూడా చేసిన. అమ్మ ఇచ్చిన గోలీ మారు మాట్లాడకుండ వేసుకో అని రోజు చెప్పు అని రాసిన. ఇప్పుడు నేను రాసినవన్నీ ఫోన్‌లో అట్లనే కనిపిస్తున్నయి. ఎట్ల తుడవాలె అని దాన్నే అడిగితే ఎక్కడెక్కడో నొక్కుమన్నది. నొక్కితే ఇంకేదో తెరుచుకున్నది.

నా మనసుకైతే ఈ దినమే పిల్లను ముందట కూసోబెట్టుకొని ఆ పేరు చెప్పేయాలని ఉన్నది. నిన్ను అడగకుండ చెప్పనని మాటిచ్చిన కాబట్టి ఆగిన. గోలీలు లేకుండ గడిచే ప్రతి పూట నాకు గుండె మీద రాయి. కొండల్ తిరిగొచ్చేటప్పుడే జవాబు పంపు.

శోభ

*

బడంగ్‌పేట్
28 నవంబర్

శోభా,

తొందరపడకు. నోరు తెరవకు. కోపంలో ఉన్న పిల్ల ఆ పేరు నీ నోటితో వింటే ఇంకా మొండికేస్తది. ఆదివారం పగటి బస్సుకు నేనొస్త. నేను కూసోబెట్టి నాలుగు మాటలు చెప్త. సోమవారం డాక్టర్ దగ్గరికి తీస్కపోదాం, ఐలేష్‌కు కూడా అప్పుడే చెప్పొచ్చు.

అందాక గోలీని దంచి పెరుగన్నంలో కలిపి పెట్టు. దానికి తెలియనియ్యకు.

దసరా నుంచి ఏం కానిది ఈ రెండొద్దుల్లో ఏమైతది. ధైర్యంగ ఉండు.

మంజుల

*

బడంగ్‌పేట్
4 డిసెంబర్

శోభకు,

దవాఖానలో నువ్వు నా మొఖం చూడలేదు. వార్డు బయట బెంచీ మీద నీ పక్కనే కూసున్న. నువ్వు లేచి ఇంకో బెంచీ మీదికి పోయినవు. ఐలేష్ వచ్చి "నువ్వు ఇంటికి పో వదినా" అన్నడు. కోపంగ అంటే బాగుండు. మెల్లగ అన్నడు.

పిల్ల బతికింది, నాకు అది చాలు. కాని ఆదివారం నేను బస్సు దిగి మీ ఇంటికి వస్తే తాళం. వాడకట్టులో ఒకరు చెరువులో పడ్డదన్నరు, ఒకరు దూకిందన్నరు. దూకింది అన్న మాట నా చెవిలో నుంచి పోతలేదు. కొండల్‌ను అడిగితే "నేను తీసిన, గంతే నాకెరుక" అన్నడు. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తుతలేవు, అందుకే మళ్ళ కాగితమే పట్టుకున్న.

అన్నం సయిస్తలేదు. నన్ను తిట్టు, కొట్టు, కాని ఏం జరిగిందో రాయి. అది దూకిందా?

మంజుల

*

ఇబ్రహీంపట్నం
8 డిసెంబర్

అక్కకు,

దూకలేదు. ముందు ఆ మాట చెప్తున్న, ఎందుకంటే నేను కూడా ఒక పూటంతా ఆ మాటతోనే సచ్చి బతికిన.

శనివారం సాయంత్రం అంకిత ఫోన్ తీసింది. నేను రాసినవన్నీ చూసింది. ఫోన్ బోర్లేసి గోడ దిక్కు తిరిగింది. పెరుగన్నం పెట్టిన, రెండు ముద్దలు తిని చేదున్నదని పక్కకు పెట్టింది. అప్పుడన్నా నేను నోరు తెరవలేదు. నీ మాట విన్న. నీ మీద నాకు కోపం లేదని రాద్దామనుకున్న గాని రాయలేను. ఉన్నది. నా మీద అంతకంటే ఎక్కువున్నది.

ఆదివారం పొద్దున ఎప్పటి లెక్కనే కట్ట మీదికి పోయింది. ఐలేష్, కొండల్ తెప్పల మీద వలలకు పోయిన్రు. "దిగుతున్న" అన్నరు, "చూస్తున్న" అన్నది. వాళ్ళు దూరం పోయినంక చెప్పులు విడిచింది, చున్నీ మడిచి పెట్టింది, దాని మీద ఫోన్ పెట్టింది. పెట్టే ముందు ఆ మిషన్‌కు ఏం రాసిందో నేను తర్వాత చూసిన. అదే మాటలు నీకు రాస్తున్న.

"అందరికి నేనే చూస్తున్న అంట. నాకు అనేటోళ్ళు లేరు. ఎవ్వరికి జెప్పినా దిగొద్దంటరు. గందుకే నీకు జెప్తున్న. దిగుతున్న."

మన రివాజు తప్పలేదు నా బిడ్డ. చెప్పే దిగింది. ఎవరికి చెప్పాలో అదొక్కటే తప్పింది.

దాని కింద జవాబు ఉన్నది. "దయచేసి దిగకండి. మందు ఆపేశారు కాబట్టి నీళ్ళలో మీకు చాలా ప్రమాదం. నేను మిమ్మల్ని చూడలేను, అక్కడికి రాలేను. దగ్గర ఉన్న మనిషిని ఇప్పుడే పిలవండి." ఆ జవాబు చదివేందుకు పిల్ల అక్కడ లేదు. అప్పటికే నీళ్ళలో ఉన్నది. నడుములోతు దాకనే పోయిందట. అక్కడనే మళ్ళ ఆ జబ్బు వచ్చింది.

కొండల్ వల తీసుకొని మళ్ళిండు. నీళ్ళ మీద ఉన్నోడు ఊరికనే కట్ట దిక్కు చూస్తడు, అది వాళ్ళ అలవాటు. కట్ట మీద మనిషి లేదు. చెప్పులున్నయి. వల నీళ్ళలో వదిలేసి తెప్ప తోలుకొచ్చిండు. వెంట్రుకలు పట్టి లేపిండట. ఆయన ఆ దిక్కు చూడకపోతే ఈ ఉత్తరం నీకు వచ్చేది కాదు.

దవాఖానలో తెలివికి వచ్చినంక అడిగిన, "సావాలనుకున్నవా బిడ్డా?" అని. "గాదమ్మా. నాకు తగ్గిందో లేదో సూద్దామనుకున్న. తగ్గితే నన్ను గూడ దిగనిస్తరు గద" అన్నది. కొంచెంసేపటికి మళ్ళ అన్నది, "నువ్వు నన్ను అడగొచ్చు గద. నా లెక్క రాసి దాన్నెందుకు అడిగినవ్? నువ్వు జెప్పవనే గద నేను దాన్నడిగిన." దీనికి జవాబు నీ దగ్గర ఉంటే రాయి అక్కా.

అక్కడనే, నలుగురు వినంగ ఐలేష్‌కు అంతా చెప్పిన. జబ్బు పేరు బయటికే అన్న. పక్క మంచమామె మొఖం తిప్పి చూసింది. చూస్తే చూడనీ. ఐలేష్ ఫోన్ పగలగొడుతడనుకున్న. కొట్టలేదు. దాన్ని చేతిలో పట్టుకొని, "నా బిడ్డకు సూస్తున్న అనేటోడు లేకపాయె" అన్నడు. మగాయన అట్ల ఏడుసుడు నేను ఎన్నడూ చూడలేదు.

శోభ

*

బడంగ్‌పేట్
11 డిసెంబర్

శోభకు మంజుల రాసేది.

నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఉన్నట్టు నటించి ఇప్పటిదాక అయింది చాలు.

నిన్న ఆ మీటింగ్ మేడం నంబర్ మా సారును అడిగి తీసుకొని ఫోన్ చేసిన. చాయకు పోయినంక మీరేం చెప్పిన్రు, అది నాకు కావాలె అన్న. నవ్వింది, మన సంగతి చెప్తే నవ్వు ఆపి మొదటి నుంచి చెప్పింది. నేను వినని సగం ఇది. పిల్లలు ఏమడుగుతున్నరో తల్లికి తెలియాలె అన్నది నిజమే. కాని పిల్ల వెనక నిలబడి కాదట, పక్కన కూసోని తెలుసుకోవాలట. ఏమడిగినవే అని నిలదీయొద్దు, అదేం చెప్పింది, నీకేమనిపించింది అని అడగాలె. పిల్ల పేరు మీద మనం రాస్తే పిల్లకు ఇంట్లో ఒక్క మూల కూడా మిగలదట. గోలీలు, ఒంటి బాధలు, మనసు బాధలు దాన్ని అడిగితే అడగనీ, మనిషిని కూడా అడగాలె అని ముందే ఇద్దరూ మాట అనుకోవాలె. ఇంటి సంగతులు, ఫోటోలు ఎంతవరకు ఇయ్యాలో కూడా. అది తప్పు చెప్పొచ్చు, ఒక్కోసారి అది ఒప్పే చెప్తది గాని వినేవాళ్ళు సగమే వింటరు అన్నది. ఆ మాట కాడ నేను ఫోన్ పట్టుకొని తల దించుకున్న. పిల్ల సగం చదివింది. చదువుకున్న పెద్దమ్మ సగం విన్నది.

ఫిట్స్. ఇగో, నా చేతితో రాసిన. కొండల్ చదివించుకున్నా సరే, ఆటోలో అందరూ విన్నా సరే. సంబంధాల భయంతో పిల్లను మన నుంచే దూరం చేసిన. అంకితకు చెప్పు, పెద్దమ్మ కూడా అబద్ధం చెప్పిందని. నేను వచ్చి దాని ముందట చెప్తనంటే రానిస్తరా? మీరు రమ్మనేదాక రాను.

మంజుల

*

ఇబ్రహీంపట్నం
21 డిసెంబర్

మంజులక్కకు శోభ రాసేది.

నీ ఉత్తరం అంకితకు ఇచ్చిన. ఫిట్స్ అని నువ్వు రాసిన కాడ వేలు పెట్టి, "పెద్దమ్మ రాత మంచిగున్నది" అన్నది. రమ్మన్నట్టే అనుకో.

గోలీలు మళ్ళ మొదలైనయి. డాక్టర్ మొదట నన్ను తిట్టిండు, గోలీ దంచి అన్నంలో కలిపే తెలివి ఎవరిచ్చిన్రని. నీ పేరు చెప్పలేదు, చెప్పాలని నోటి దాక వచ్చింది. ఆ తర్వాత నన్ను, ఐలేష్‌ను బయట కూసోమని పిల్లతోనే మాట్లాడిండు. అది ఫోన్‌లో అడిగినవన్నీ ఆయన్ను అడిగిందట. గోలీలు ఎప్పుడు తగ్గించాలో ఆయన చూసి చెప్తడట. నీళ్ళ సంగతి ఇప్పుడే కాదు, దిగే దినం వచ్చినప్పుడు నీళ్ళలో తేలే జాకెట్ ఉండాలె, చెయ్యందే దూరంలో మనిషి ఉండాలె అన్నడట. ఐలేష్ అప్పుడే ఆ జాకెట్ ఎక్కడ దొరుకుతదో కొండల్‌ను అడుగుతున్నడు.

ఫోన్ గురించి మా ఇంట్లో ఇప్పుడొక రివాజు వచ్చింది. నేను పెట్టింది కాదు, దానంతట అదే వచ్చింది. దవాఖాన నుంచి వచ్చినంక మొదటిసారి అంకిత ఫోన్ తీసుకొని, తెరవకుండ నా దిక్కు చూసింది. "దిగుతున్న" అన్నది, నవ్వులాటకే. నేను రొట్టె కాలుస్తున్న. "చూస్తున్న" అన్న. అప్పటి నుంచి అట్లనే నడుస్తున్నది. కొన్నిసార్లు పక్కన కూసుంట, కొన్నిసార్లు పని చేసుకుంటనే ఉంట. దానికి నేను లాక్ అడుగలేదు, అది మార్చుకోలేదు. ఒక్కోదినం మొఖం మాడ్చుకొని "ఇయ్యాల నేనొక్కదాన్నే" అంటది. సరే అంట. నాకు భయం పోయిందని చెప్పను అక్కా. ఫోన్ గంట మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడుత. అది గోలెం కాడికి పోతే వెనకనుంచి చూడబోతున్న నన్ను నేనే ఆపుకుంట.

నిన్న ఏదో ఇంగ్లీషులో అడుగుతున్నది, ఫిట్స్ గురించే. పక్కన కూసున్న. "సమజైతుందా నీకు?" అన్నది. "లేదు, నువ్వు చెప్పు" అన్న. జవాబు చదివి తెలుగులో చెప్పింది. నేను అడిగితే మళ్ళ చెప్పింది. అంతలో ఉన్నట్టుండి ఫోన్ బోర్లేసింది. మళ్ళ దాచుడు మొదలైందనుకున్న.

"గిది దీనికి తెల్వది. నిన్నడుగుత" అన్నది. "అడుగు" అన్న.

"నాకు గట్లొచ్చినప్పుడు నేనెట్లుంటనే? నాకు యాదుండది గద."

నాలుగేండ్ల నుంచి నేను ఎవరికీ చెప్పలేదు అక్కా, నీకు కూడా సక్కగ చెప్పలేదు. దానికి చెప్పిన. కండ్లు పైకి పోయినయని, పండ్లు గిట్టకరిచినయని, చేతులు కొట్టుకున్నయని, నోట్లో నుంచి నురుగు వచ్చిందని, ఏదీ దాయలేదు. దాని మొఖం తెల్లబోయింది గాని ఆపుమనలేదు.

"మరి నువ్వేం జేసినవ్?" అని అడిగింది.

"నిన్ను పక్కకు తిప్పి పండుకోబెట్టిన. నువ్వు కండ్లు తెరిచేదాక నీ మొఖమే చూసుకుంట కూసున్న" అన్న.

అది గోడకు జరిగి నాకు జాగ ఇచ్చింది.

నీ చెల్లె
శోభ